ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు వాడే పిల్లల్లో ఒంటి తీరు మారుతుంటే ఏం చూడాలి, ఏం అడగాలి

మా అక్క కూతుర్ని పసితనం నుంచి నేనే పెంచుతున్నాను, పుట్టుకతోనే హెచ్‌ఐవీ వచ్చిన పిల్ల. తనకి ఎనిమిదేళ్లు దాటాక బుగ్గలు లోపలికి పోవడం మొదలైంది. సరిగా తినట్లేదు కాబోలు అనుకుని ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటూ వెంటపడి తినిపించాను. బరువైతే పెరిగింది కానీ అదంతా పొట్ట దగ్గరే చేరింది, బుగ్గలు అలాగే ఉన్నాయి, చేతుల మీద నరాలు తాళ్లలా తేలాయి. ఏడాదిన్నర గడిచాక ఒకరోజు పాత ఫోటో చేతికి దొరికింది. దాన్ని పిల్ల పక్కన పెట్టి చూసినప్పుడు గానీ ఇది తిండి సంగతి కాదని నాకు తెలియలేదు. డాక్టర్ గారు తన కాళ్లూ చేతులూ చూసి, మందుల చీటీ చూసి, ఇది జిడోవుడిన్ అనే మందు వల్ల అని చెప్పి దాన్ని మార్చారు. ఆ ఏడాదిన్నర పోయిందే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీకు అలా పోకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, ఇన్నేళ్లుగా అడిగి, చదివి, పక్కన కూర్చుని చూసి తెలుసుకున్నవి చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఒంట్లో ఏ మార్పు కనిపించినా మీ అంతట మీరు మందు ఆపొద్దు, ఒక పూట కూడా తగ్గించొద్దు, మూడు మందుల్లో ఒకటి తీసేసి రెండే ఇవ్వడం అసలు చేయొద్దు. మందు ఆగితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది, సగం సగం వాడితే ఆ మందుకి లొంగని రకంగా మారిపోతుంది, అప్పుడు పిల్లలకి మిగిలే మందులే తక్కువ. కొవ్వు మారడానికి నెలలు, ఏళ్లు పడుతుంది కాబట్టి రెండు వారాలు ఆగి డాక్టర్‌ని కలిసినంత మాత్రాన ఏమీ మించిపోదు. మించిపోయే సందర్భాలు కొన్ని ఉన్నాయి, అవి కింద విడిగా చెబుతాను.

అసలు ఒంట్లో జరిగేది ఏంటి

దీన్ని డాక్టర్లు లైపోడిస్ట్రోఫీ అంటారు. పేరు ఒకటే గానీ లోపల రెండు వేర్వేరు సంగతులు ఉంటాయి. ఒకటి చర్మం కింద ఉండే కొవ్వు కరిగిపోవడం: బుగ్గలు, కణతలు, చేతులు, కాళ్లు, పిరుదులు సన్నబడతాయి. రెండోది కొవ్వు లోపల చేరడం: పొట్ట, మెడ వెనక, ఛాతీ దగ్గర. కొందరికి ఒకటే వస్తుంది, కొందరికి రెండూ కలిసి వస్తాయి, మా పాపకి వచ్చినట్టు.

కొవ్వు కరిగిపోవడానికి పేరుపడ్డ మందు స్టావుడిన్. దీన్ని వదిలేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే దేశాలకి చెప్పింది, ఇప్పుడు పిల్లలకి ఇవ్వట్లేదు. అదే కుటుంబంలోది జిడోవుడిన్. దాని ప్రభావం స్టావుడిన్ అంత కాదు గానీ ఏళ్ల తరబడి వాడితే కనిపిస్తుంది. ఈ మందులు వైరస్‌ని ఆపడంతో పాటు మన కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాని కూడా కొంత దెబ్బతీస్తాయి, ఆ దెబ్బ కొవ్వు కణాలకి బాగా తగులుతుంది. చాలామంది అనుకునేలా కొవ్వు అంటే ఊరికే నిల్వ ఉండే నూనె కాదు. అది లెప్టిన్, అడిపోనెక్టిన్ లాంటి హార్మోన్లు వదిలే అవయవం. చర్మం కింద కొవ్వు పోతే ఆ హార్మోన్లు తగ్గుతాయి, దాచుకునే చోటు లేక కొవ్వు కాలేయంలోకీ కండరాల్లోకీ చేరుతుంది, అప్పుడు ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు. అందుకే సన్నగా కనిపించే పిల్లలకి కూడా షుగర్ పరీక్ష రాస్తారు, "మా పిల్ల ఇంత సన్నగా ఉంటే షుగర్ ఎందుకు" అని నేను కూడా అడిగాను మొదట్లో.

లోపినావిర్, రిటోనావిర్ కలిసి ఉండే మందు ట్రైగ్లిజరైడ్లనీ కొలెస్ట్రాల్‌నీ పెంచుతుంది, ఇన్సులిన్ పనిని కొంత అడ్డుకుంటుంది. ఎఫావిరెంజ్ వాడే అబ్బాయిల్లో కొందరికి రొమ్ము పెరుగుతుంది, ఒంట్లో విటమిన్ డి కూడా తగ్గొచ్చు. టెనోఫోవిర్ పాత రకం ఎముకల గట్టిదనాన్ని కాస్త తగ్గిస్తుంది. డోలుటెగ్రావిర్ ఇప్పుడు చాలా దేశాల్లో పిల్లలకి మొదటి ఎంపిక, చిన్నపిల్లల కోసం నీళ్లలో కరిగే బిళ్లలు 2020 నుంచి ఉన్నాయి. పాత మందుల్లా అది బుగ్గల్లో కొవ్వు కరిగించదు, అయితే కొందరిలో బరువు పెంచుతుంది.

ఇంకోటి మర్చిపోకూడదు, మార్పులన్నీ మందుల వల్లే కాదు. వైరస్ అదుపులో లేనప్పుడు అదే పిల్లల ఎదుగుదలని ఆపుతుంది, ఈడు రావడాన్ని వెనక్కి నెడుతుంది. అలాంటి పిల్లలకి మందు మొదలుపెట్టాక బరువు పెరిగితే అది కోలుకోవడం. దాన్ని చూసి భయపడాల్సిన పని లేదు.

ఇంట్లో కొలవడం ఎలా

రోజూ చూసే కళ్లకి నెమ్మదిగా వచ్చే మార్పు కనిపించదు, నా విషయంలో జరిగింది అదే. కాబట్టి కంటిని నమ్ముకోకుండా కొలతని నమ్ముకోండి. ఒక నోట్‌బుక్, మెత్తటి దర్జీ టేపు, బరువు చూసే మిషన్ ఉంటే చాలు.

ఎత్తు, బరువు నెలకోసారి లేదా ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ రాయండి. ఎత్తు చూసేటప్పుడు చెప్పులు తీసేసి, మడమలు, పిరుదులు, భుజాలు గోడకి ఆనించి, చూపు ఎదురుగా ఉండాలి. తల మీద అట్ట పెట్టి గీత గీసి, కింద నుంచి ఆ గీత దాకా కొలవండి. నాలుగైదేళ్లు దాటిన పిల్లలు ఈడు వచ్చే దాకా ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరగాలి, నాలుగు కంటే తక్కువ పెరిగితే అది డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతే.

నడుము కొలత మూడు నెలలకోసారి చాలు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో, బట్ట అడ్డం లేకుండా, మామూలుగా ఊపిరి వదిలాక టేపు పెట్టాలి, బిగించకూడదు, పిల్లల్ని పొట్ట లోపలికి లాక్కోవద్దని ముందే చెప్పండి, కొలుస్తున్నామనగానే అందరూ లాగేస్తారు. ఆరేళ్లు దాటిన పిల్లల్లో నడుము కొలత ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి. ఉదాహరణకి 130 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లకి నడుము 65 దాటితే పొట్టలో కొవ్వు చేరుతున్నట్టు. అంతకంటే చిన్నపిల్లలకి ఈ లెక్క పట్టించుకోకండి, రెండు మూడేళ్ల పిల్లలకి పొట్ట ముందుకి ఉండటం మామూలే.

చేయి కొలత కూడా తీసుకోండి, భుజం చివరకీ మోచేతికీ సరిగ్గా మధ్యలో. పిల్ల ఎదుగుతున్నా, బరువు పెరుగుతున్నా చేయి కొలత తగ్గుతూ నడుము కొలత పెరుగుతోందంటే, నా దృష్టిలో ఇంట్లో పట్టుకోగలిగే ఆనవాళ్లలో అంతకంటే గట్టిది లేదు. నేను అప్పుడు బరువు ఒక్కటే చూసి సంబరపడ్డాను.

ఆరు నెలలకోసారి ఫోటోలు తీయండి. ముఖం ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, పొట్టి చేతుల చొక్కా, నిక్కరు వేసుకుని నిలువెత్తు ఎదురు, పక్క, వెనక. ఒకే చోట, ఒకే వెలుతురులో తీస్తేనే పోల్చడానికి పనికొస్తాయి. పిల్లల్ని అడిగి తీయండి, వద్దంటే ముఖం ఒక్కటే తీయండి. ఆ ఫోటోలు ఎవరికీ పంపొద్దు, ఫోన్‌లో లాక్ పెట్టి ఉంచండి. పిల్లల సంగతి బయటపడుతుందేమోనన్న టెన్షన్ మనందరికీ ఉండేదే, దానికి ఈ ఫోటోలు కారణం కాకూడదు.

కొవ్వు కరగడానికీ ఒట్టి బక్కచిక్కిపోవడానికీ తేడా ఉంది. జబ్బు ముదిరో, తిండి చాలకో చిక్కిపోతే కండ కూడా పోతుంది, బరువు పడిపోతుంది, నీరసం ఉంటుంది, చాలాసార్లు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందనే లెక్క) ఎక్కువగా ఉంటుంది. మందు వల్ల కొవ్వు పోయిన పిల్లలు హుషారుగా ఆడుకుంటూనే ఉంటారు, వైరల్ లోడ్ బాగుంటుంది, బరువు పెద్దగా తగ్గదు, కానీ బుగ్గలు, పిరుదులు చదునైపోయి నరాలు తేలి కనిపిస్తాయి. ఈ రెండో రకం పిల్లల్ని "బాగానే ఉంది కదా" అని వదిలేస్తుంటారు.

బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోతే

ఇది విడిగా చెబుతున్నాను, ఎందుకంటే దీన్ని పట్టుకోవడం ఇంట్లోవాళ్ల చేతుల్లోనే ఎక్కువ. మామూలుగా ఎక్కువ తిని లావయ్యే పిల్లలు ఎత్తు కూడా బాగానే పెరుగుతుంటారు, తోటివాళ్ల కంటే కాస్త పొడుగ్గానే ఉంటారు. బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోయిందంటే హార్మోన్ల వైపు చూడాలి. నోట్‌బుక్‌లో ఎత్తు కూడా రాయమన్నది ఇందుకే.

ఇలాంటిదానికి ఒక కారణం స్టెరాయిడ్. మీ పిల్లల మందుల్లో రిటోనావిర్ గానీ కోబిసిస్టాట్ గానీ ఉందా? ఉంటే, ఆయాసానికి పీల్చే మందు, ముక్కులో కొట్టే స్ప్రే, కీలులో వేసే ఇంజెక్షన్, ఇలా ఏ రూపంలో స్టెరాయిడ్ ఇచ్చినా జాగ్రత్త. ఫ్లూటికసోన్, బ్యుడెసొనైడ్, ట్రయామ్సినలోన్ అనే పేర్లు గుర్తుపెట్టుకోండి. మామూలుగా వీటిని కాలేయం ఎప్పటికప్పుడు విరిచేస్తుంది, అందుకే పీల్చే మందు ఊపిరితిత్తుల్లోనే పనిచేసి ఊరుకుంటుంది. రిటోనావిర్ కాలేయంలో ఆ విరిచే పనిని ఆపేస్తుంది కాబట్టి స్టెరాయిడ్ రక్తంలో పేరుకుంటుంది. కొన్ని వారాల్లో ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, చర్మం మీద ఊదారంగు చారలు రావొచ్చు, రక్తపోటు పెరుగుతుంది, ఎత్తు ఆగిపోతుంది. చూసేవాళ్లు "మందులు పడ్డాయి, పిల్లాడు బొద్దుగా అయ్యాడు" అంటారు. మా పాపతో పాటు మందులకి వచ్చే ఒక అబ్బాయికి ఇలాగే జరిగింది, ముక్కు స్ప్రే రాసినవాళ్లకి ఏఆర్‌టీ సంగతి వాళ్లమ్మ చెప్పలేదు, చెప్పడానికి భయపడింది. నేను ఆవిడని ఒక్క మాట కూడా అనను. అయితే వేరే డాక్టర్‌కి జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే కనీసం మందుల పేర్లు రాసిన చీటీ చూపించండి, లేదా కొత్త మందు మొదలుపెట్టేముందు మీ ఏఆర్‌టీ డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. బెక్లోమెథసోన్ లాంటి, ఇంత ఇబ్బంది లేని మందులు ఉన్నాయి.

అలా జరిగిందని తెలిసిన వెంటనే ఆ స్టెరాయిడ్‌ని మీరే ఆపేయడం ఇంకా ప్రమాదం. బయట నుంచి స్టెరాయిడ్ వస్తుంటే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి ఉంటాయి. హఠాత్తుగా ఆపితే పిల్లలకి వాంతులు, కళ్లు తిరగడం, షుగర్ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. డాక్టర్లు మెల్లగా తగ్గిస్తారు, మధ్యలో జ్వరం వస్తే మోతాదు పెంచుతారు. ఆ సమయంలో జ్వరం, వాంతులు వస్తే ఇంట్లో చూద్దాంలే అనుకోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎత్తు ఆగడానికి థైరాయిడ్ కూడా కారణం కావొచ్చు. మలబద్ధకం, పొడి చర్మం, ఎప్పుడూ చలి, మందకొడితనం ఉంటే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 పరీక్ష చేయమని అడగండి.

ఈడు వచ్చే వయసు

ఆడపిల్లలకి 13 ఏళ్లు నిండినా రొమ్ము మొగ్గ రాకపోతే, 15 ఏళ్లు వచ్చినా రజస్వల కాకపోతే, మగపిల్లలకి 14 ఏళ్లు నిండినా వృషణాలు పెరగడం మొదలవకపోతే చూపించాలి. అమ్మాయిలకి ఎనిమిదేళ్ల లోపు, అబ్బాయిలకి తొమ్మిదేళ్ల లోపు ఈడు లక్షణాలు వస్తే కూడా అంతే. ఆలస్యానికి ఎక్కువగా దొరికే కారణాలు వైరస్ అదుపులో లేకపోవడం, మందు ఆలస్యంగా మొదలవడం, తిండి చాలకపోవడం. అవి సరిచేస్తే చాలామందిలో ఆలస్యంగా అయినా మొదలవుతుంది. ఎముకల వయసు తెలుసుకోవడానికి ఎడమ చేతి ఎక్స్‌రే తీస్తారు, అవసరమనిపిస్తే హార్మోన్ల డాక్టర్ దగ్గరికి పంపుతారు. బయట ఎవరో చెప్పారని ఎత్తు పెరిగే పొడులు, హార్మోన్ ఇంజెక్షన్లు వాడొద్దు. పొట్టలో కొవ్వు తగ్గడానికి టెసామొరెలిన్ అనే ఇంజెక్షన్ ఒకటి ఉంది, 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ అది పెద్దవాళ్లకి మాత్రమే, ఎదుగుతున్న పిల్లలకి కాదు.

అబ్బాయిల్లో రొమ్ము పెరిగితే వెంటనే మందుని అనుమానించాల్సిన పని లేదు, ఈడు వచ్చే వయసులో చాలామంది అబ్బాయిలకి చనుమొన కింద బిళ్లలా గట్టిగా తగులుతుంది, ఏడాది రెండేళ్లలో తగ్గిపోతుంది. ఎఫావిరెంజ్ వాడుతుంటే, లేదా ఒక పక్కే పెరుగుతుంటే, నొప్పి గానీ కారడం గానీ ఉంటే చెప్పండి. ఎఫావిరెంజ్ వల్ల అయితే మందు మార్చాక తగ్గే అవకాశం ఉంది. ఆ అబ్బాయి చొక్కా విప్పడానికి సిగ్గుపడుతున్నాడని గమనిస్తే మీరే ముందు మాట్లాడండి, వాడంతట వాడు చెప్పడు.

పరీక్షలు, వాటి లెక్కలు

రక్తంలో కొవ్వులు, షుగర్ మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత ఏడాదికోసారైనా, మందు మార్చాక కొన్ని నెలలకి ఒకసారి చూస్తే మంచిది. పిల్లల్లో మొత్తం కొలెస్ట్రాల్ 170 లోపు ఉంటే బాగున్నట్టు, 200 దాటితే ఎక్కువ. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 110 లోపు ఉండాలి, 130 దాటితే ఎక్కువ. ట్రైగ్లిజరైడ్లు తొమ్మిదేళ్ల లోపు పిల్లల్లో 75 లోపు, ఆ పైన 90 లోపు ఉండాలి. తిన్నాక ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి కాబట్టి లెక్క ఎక్కువ వస్తే పరగడుపున మళ్లీ చేయించాకే నిర్ణయం తీసుకుంటారు. చంటిపిల్లల్ని మాత్రం రాత్రంతా, పొద్దుటిదాకా పస్తు పెట్టొద్దు, ఎన్ని గంటలు చాలో అడిగి తెలుసుకోండి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది, అప్పుడు ఆలస్యం చేయకూడదు.

షుగర్ పరగడుపున 100 లోపు ఉండాలి, 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ రెండుసార్లు వస్తే డయాబెటిస్. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) ఒక్కటే చూసి ధీమాగా ఉండొద్దు, జిడోవుడిన్, అబాకవిర్ లాంటి మందులు వాడేవాళ్లలో అది ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. ఇంట్లో చూడగలిగే గుర్తు ఇంకోటి ఉంది: మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ లాగా మారడం. రుద్దితే పోదు. మురికి అని పిల్లల మెడ రుద్ది రుద్ది ఏడిపించకండి, అది ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదని ఒళ్లు చెబుతున్న సంగతి.

డాక్టర్ దగ్గర మందు మార్పు గురించి మాట్లాడటం

నోట్‌బుక్, ఫోటోలు, ఇప్పటిదాకా వాడిన మందులన్నిటి పేర్లు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా వాడారో, చివరి వైరల్ లోడ్ కాగితం, ఇవన్నీ తీసుకెళ్లండి. "పిల్ల ముఖం ఏదోలా ఉంది" అంటే ఒకలా వింటారు, "ఏడాదిలో నడుము ఆరు సెంటీమీటర్లు పెరిగింది, చేయి ఒక సెంటీమీటర్ తగ్గింది" అంటే ఇంకోలా వింటారు. నేను రెండూ చేసి చూశాను.

వైరల్ లోడ్ కనపడనంత తక్కువగా ఉన్నప్పుడే ఒక మందుని తీసి ఇంకోటి పెట్టడం సురక్షితం. వైరస్ అదుపులో లేకుండా ఒక్క మందు మార్చితే ఆ కొత్తది కూడా త్వరగా పనికిరాకుండా పోతుంది. కాబట్టి "ముందు వైరల్ లోడ్ చేద్దాం" అంటే అది వాయిదా వేయడం కాదు. జిడోవుడిన్ స్థానంలో అబాకవిర్ గానీ టెనోఫోవిర్ గానీ, లోపినావిర్ స్థానంలో డోలుటెగ్రావిర్ గానీ ఇవ్వడం మామూలుగా జరిగేదే. వయసు, బరువు, పాత మందుల చరిత్ర చూసి వాళ్లు తేలుస్తారు. హెపటైటిస్ బి ఉందో లేదో కూడా అడగండి, ఉంటే టెనోఫోవిర్, లామివుడిన్ ఆపినప్పుడు కాలేయం దెబ్బతినొచ్చు.

అబాకవిర్ మొదలుపెట్టాక మొదటి ఆరు వారాలు కన్ను వేసి ఉంచండి. జ్వరం, దద్దుర్లు, వాంతులు, ఆయాసం వీటిలో రెండు మూడు కలిసి వస్తూ, ప్రతి మోతాదుకీ ఎక్కువవుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అబాకవిర్ పడలేదని ఒకసారి తేలి ఆపేస్తే జీవితంలో మళ్లీ ఎప్పుడూ అది ఇవ్వకూడదు, రెండోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి పిల్లల ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. హెచ్‌ఎల్‌ఏ-బీ 5701 అనే పరీక్ష అందుబాటులో ఉంటే ముందే చేయిస్తే ఈ భయం చాలావరకు తగ్గుతుంది.

డోలుటెగ్రావిర్‌తో ఒక చిక్కు ఉంది. ఎముకలకి కాల్షియం, రక్తానికి ఐరన్ బిళ్లలు కూడా చాలామంది పిల్లలకి రాస్తారు, అవి పరగడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి వేస్తే మందు ఒంటికి పట్టదు. రెండూ భోజనంతో కలిపి ఇవ్వండి, లేదా డోలుటెగ్రావిర్ వేసిన రెండు గంటల తర్వాత కాల్షియం, ఐరన్ ఇవ్వండి. ముందు అవి వేసేస్తే ఆరు గంటలు ఆగాలి. యాంటాసిడ్ మందులకైతే ఈ గంటల లెక్కే పాటించాలి, భోజనంతో కలిపినా కుదరదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ రాస్తే డోలుటెగ్రావిర్ వాడుతున్నామని చెప్పండి, దాని మోతాదు తగ్గించాల్సి రావొచ్చు. కొలెస్ట్రాల్‌కి మందు రాస్తే అది సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ కాదని చూసుకోండి, రిటోనావిర్‌తో అవి అసలు కలవకూడదు.

మార్చాక ఏమవుతుందో ముందే తెలిస్తే నిరాశ ఉండదు. రక్తంలో కొవ్వులు కొన్ని నెలల్లో దిగుతాయి. చేతులు, కాళ్లు, బుగ్గల్లో కొవ్వు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది, కొంతే వస్తుంది. పొట్టలో చేరింది మందు మార్చినంత మాత్రాన పెద్దగా తగ్గదు. మా పాపకి రెండేళ్లకి చేతుల మీద నరాలు కనుమరుగయ్యాయి, బుగ్గలు కొద్దిగా నిండాయి, మునుపటిలా కాలేదు. ఎంత తొందరగా పట్టుకుంటే అంత మిగులుతుంది, అందుకే కొలతల గురించి అంత సేపు చెప్పాను.

వెంటనే పరుగెత్తాల్సిన సందర్భాలు: జిడోవుడిన్ వాడే పిల్లలకి ఆగని వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన నీరసం, వేగంగా ఊపిరి తీయడం కలిసి వస్తే అది రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగడం కావొచ్చు. పొట్ట పైభాగంలో వీపు దాకా పాకే నొప్పి, వాంతులు ఉంటే క్లోమం వాపు కావొచ్చు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం అయితే షుగర్. వీటికి తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

తిండి, ఆట

పొట్ట పెరిగిందని పిల్లల్ని పస్తు పెట్టొద్దు. అలా చేస్తే పోయేది చేతులూ కాళ్లలో మిగిలిన ఆ కాస్త కొవ్వే, ఎదుగుదల కూడా ఆగుతుంది. తియ్యటి కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు ఇంట్లోకి తేవడం మానేయండి, అది ఒక్కటే ట్రైగ్లిజరైడ్ల మీద బాగా పనిచేస్తుంది. పప్పులు, గుడ్లు, కూరగాయలు, పండ్లు పెట్టండి, నేను చేసినట్టు బుగ్గలు నిండాలని నూనె, తీపి ఎక్కువ పెట్టకండి, అది బుగ్గలకి వెళ్లదు.

రోజుకి గంట ఒళ్లు కదిలే ఆట కావాలి. పరుగు, ఈత, తాడాట, ఏదైనా సరే, ఎముకలకి గెంతే ఆటలు ఇంకా మంచివి. ఆటతో పోయిన కొవ్వు రాదు, కానీ కండ పెరిగి చేతులూ కాళ్లూ నిండుగా కనిపిస్తాయి, ఇన్సులిన్ కూడా బాగా పనిచేస్తుంది.

పిల్లలతో మాట్లాడటం

పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు అద్దం ముందు ఎంతసేపు నిలబడతారో మీకు తెలుసు. తన పొట్ట, తన బుగ్గలు ఈ బిళ్లల వల్లే ఇలా అయ్యాయని తెలిసిన రోజు ఆ బిళ్లని దిండు కింద దాచేయడం చాలా తేలిక. కాబట్టి వాళ్లకి తెలిసేముందే మనమే చెప్పాలి: ఈ మందుకి ఇలాంటి ప్రభావం ఉంది, వేరే మందులు ఉన్నాయి, డాక్టర్‌ని అడుగుదాం, మార్చే దాకా మాత్రం మానొద్దు. ఈ మాట చెప్పాలంటే పిల్లలకి తమ జబ్బు సంగతి తెలిసి ఉండాలి. బడి వయసులోనే, వాళ్లకి అర్థమయ్యే మాటల్లో, కొద్దికొద్దిగా చెప్పడం మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. నేను పదకొండేళ్లప్పుడు చెప్పాను, ఇంకో రెండేళ్లు ముందే చెప్పాల్సింది అనిపిస్తుంది ఇప్పుడు.

ఇంట్లో ఒంటి గురించి మాటలు ఆపించండి. "ముఖం పీక్కుపోయింది", "బాన పొట్ట" అనే చుట్టాలని పక్కకి పిలిచి గట్టిగానే చెప్పండి. డాక్టర్ దగ్గర పిల్లలకి ఒక అయిదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడే వీలు ఇవ్వమని అడగండి, పన్నెండేళ్లు దాటాక ఇది చాలా అవసరం. మందు ఎన్నిసార్లు మానేశారో అడిగేటప్పుడు కోపం లేకుండా, "పోయిన వారం ఎన్ని మిస్సయ్యాయి" అని అడగండి, "మిస్సయ్యావా" అంటే ఎవరైనా లేదనే అంటారు.

మా పాప ఇప్పుడు తన నడుము, చేయి తనే కొలుచుకుని నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. పోయినసారి డాక్టర్ గారు నన్ను అడిగిన ప్రశ్నకి తనే నోట్‌బుక్ తెరిచి జవాబు చెప్పింది.